కూలిన గోపురాన్ని నిలబడి చూసినవాడు



ఈసారి మనం ఒక పాత చిత్రాన్ని నిదానంగా చూద్దాం. ఆలయాల బొమ్మలు మనకు కొత్త కాదు. క్యాలెండర్ల మీద, పెళ్లి శుభలేఖల మీద, ప్రతిష్ఠ పండుగ కరపత్రాల మీద చూస్తూనే ఉంటాం. వాటన్నిటిలో ఆలయం నిటారుగా, కొత్త సున్నంతో మెరుస్తూ ఉంటుంది. కూలిపోయిన ఆలయాన్ని ఎవరైనా బొమ్మ గీస్తారా? గీసినా దాన్ని ఎవరైనా భద్రపరుస్తారా? మనం చూడబోయేది అలాంటి చిత్రమే.

జర్మనీ దేశంలో, ఎల్బె నది ఒడ్డున, డ్రెస్డెన్ అనే పట్టణం ఉంది. సాక్సనీ ప్రాంతానికి అది రాజధాని. ఆ పట్టణం నడిబొడ్డున క్రొయిత్స్‌కిర్షె అనే పాత ఆలయం ఉంది. జర్మన్ భాషలో ఆ మాటకు సిలువ ఆలయం అని అర్థం కాబట్టి మనం అలాగే పిలుచుకుందాం. 1539 జూలై 6న డ్రెస్డెన్‌లో మొట్టమొదటి లూథరన్ ఆరాధన జరిగింది అక్కడే. 1765లో ఆ ఆలయపు పాత గోపురం చీలి కూలిపోయింది. ఆ శిథిలాన్ని బెర్నార్దో బెల్లోత్తో అనే చిత్రకారుడు నూనెరంగులతో చిత్రించాడు. ఆ చిత్రం ఈనాటికీ డ్రెస్డెన్ చిత్రశాలలో ఉంది. అతడే వేసిన ఇంకొక ప్రతి స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ నగరంలో ఉంది.

చిత్రంలో ఏముంది?

చిత్రం మధ్యలో గోపురం ముక్క ఒక్కటే ఆకాశంలోకి లేచి ఉంటుంది. దాన్ని చూడగానే ఎవరో పైనుంచి కిందికి నిలువునా చీల్చినట్టు అనిపిస్తుంది. బయటి గోడ పడిపోవడంతో లోపలి భాగం బట్టబయలైంది. అంతస్తుపై అంతస్తుగా కమానులు, కిటికీ సందులు, గోడల మందం అన్నీ కనిపిస్తాయి. ఎప్పుడూ ఎవరూ చూడని లోపలి గోడల మీద పగటి వెలుగు పడుతోంది. గోపురం పాదం దగ్గర రాళ్లు గుట్టగా పడి ఉన్నాయి.

మొదట మన కన్ను ఆ గోపురం మీదే నిలిచిపోతుంది. కొంచెం ఆగి చూస్తే చిన్న చిన్న మనుషులు కనిపించడం మొదలవుతుంది. అంత ఎత్తున, మిగిలిన గోడ మీద పనివాళ్లు ఉన్నారు. పడబోయే రాళ్లను విప్పి దించడం వాళ్ల పని. కింద చూడటానికి వచ్చిన జనం ఉన్నారు. మంచి బట్టలు వేసుకున్నవారూ ఉన్నారు, కూలి బట్టల్లో ఉన్నవారూ ఉన్నారు. చుట్టూ ఇళ్లు మామూలుగా నిలబడి ఉన్నాయి. కొత్త ఆలయానికి మొదలుపెట్టిన పని కూడా ఆ శిథిలం పక్కనే కనిపిస్తుంది.

ఆకాశంలో పిడుగులు లేవు, మంటలు లేవు. జుట్టు విరబోసుకుని ఏడ్చే స్త్రీలు లేరు. ఒక మామూలు పగలు, మామూలు వెలుగు. పెద్ద నష్టం జరిగిన చోట రోజువారీ పని ఎలా సాగుతుందో అలాగే ఉంది. ఈ చిత్రంలో మొదట గమనించాల్సింది ఇదే. చిత్రకారుడు మనల్ని ఏడిపించాలని చూడలేదు. ఉన్నది ఉన్నట్టు చూపించాలని చూశాడు.

ఎవరీ బెల్లోత్తో?

బెల్లోత్తో ఇటలీలోని వెనిస్‌లో పుట్టినవాడు. వెనిస్ కాలువలను, మేడలను చిత్రించి పేరు తెచ్చుకున్న కనలెత్తోకు మేనల్లుడు. మేనమామ దగ్గరే పని నేర్చుకున్నాడు. జర్మనీలో అతణ్ణి కూడా కనలెత్తో అనే పిలిచేవారు. 1747లో సాక్సనీ పాలకుడు మూడవ అగస్టస్ పిలుపు మీద డ్రెస్డెన్ వచ్చి, మరుసటి ఏడాది ఆస్థాన చిత్రకారుడయ్యాడు.

ఇక్కడ మన భాషకు సంబంధించిన ఒక సంగతి చెప్పుకోవాలి. బెల్లోత్తో డ్రెస్డెన్ చేరిన ఆ రోజుల్లోనే, అదే జర్మనీలోని హాలే పట్టణంలో తెలుగు అక్షరాలు అచ్చవుతున్నాయి. మద్రాసులో సేవ చేసి, తెలుగు నేర్చుకుని తిరిగి వెళ్లిన బెంజమిన్ షుల్జ్ 1746, 1747 ప్రాంతంలో చిన్న చిన్న తెలుగు క్రైస్తవ పుస్తకాలను అక్కడ ముద్రింపజేశాడు. కాబట్టి మనం చూస్తున్న ఈ పట్టణం, ఈ కాలం మన కథకు పూర్తిగా పరాయివి కావు.

మళ్లీ బెల్లోత్తో దగ్గరకు వద్దాం. అతడు పని చేసే తీరు తెలిస్తే చిత్రం బాగా అర్థమవుతుంది. చుట్టూ మూసిన ఒక పెట్టెకు ముందువైపు చిన్న కటకం అమర్చుతారు. ఎదుటి దృశ్యం ఆ కటకం గుండా వెళ్లి లోపల కాగితం మీద పడుతుంది. చిత్రకారుడు ఆ గీతల వెంట పెన్సిలు కదిపి మేడలు, కిటికీలు, మెట్లు కొలతలు తప్పకుండా గీసుకుంటాడు. ఫోటో కెమెరా రావడానికి చాలా ముందే వాడుకలో ఉన్న పనిముట్టు ఇది. బెల్లోత్తో దీని సాయంతో గీసుకున్న గీతలను ఇంటికి తెచ్చుకుని, పెద్ద గుడ్డ మీద నెలల తరబడి కూర్చుని రంగులు వేసేవాడు.

1748లో అతడు ఎల్బె నది ఒడ్డున నిలబడి వేసిన డ్రెస్డెన్ చిత్రం ఎంత ప్రసిద్ధి అంటే, ఆ చోటి నుంచి కనిపించే దృశ్యాన్ని ఈనాటికీ కనలెత్తో దృశ్యం అని పిలుస్తారు. ఆ చిత్రంలో రెండు ఆలయాలు కనిపిస్తాయి. ఒకటి ఫ్రావెన్‌కిర్షె, అంటే మరియమ్మ పేరున్న ఆలయం. దాని రాతి గుమ్మటం పెద్ద గంటను బోర్లించినట్టు ఉంటుంది. లూథరన్ ప్రజలు దాన్ని 1726 నుంచి 1743 వరకు కట్టుకున్నారు. రెండోది రాజు కట్టిస్తున్న కేథలిక్ ఆలయం. చిత్రంలో దానికి ఇంకా పరంజాలు ఉన్నాయి.

ఎందుకు రెండు? 1697లో సాక్సనీ పాలకుడు పోలండ్ కిరీటం కోసం కేథలిక్ మతంలో చేరాడు. ప్రజలు మాత్రం లూథరన్‌లుగానే ఉండిపోయారు. చూడటానికి అందమైన పట్టణం బొమ్మే కానీ, ఆ రెండు ఆలయాల వెనుక రాజుకూ ప్రజలకూ మధ్య ఉన్న ఆ తేడా అంతా ఉంది. పాత కట్టడాల చిత్రాన్ని చదవడమంటే ఇదే. ఏ గోపురం ఎవరు కట్టారు, ఏ డబ్బుతో కట్టారు, ఎవరికి కనబడాలని కట్టారు అని అడగాలి.

1760 జూలై

1756లో ప్రష్యా రాజు రెండవ ఫ్రెడరిక్ సాక్సనీ మీద దండెత్తాడు. చరిత్రలో దీన్ని ఏడేళ్ల యుద్ధం అంటారు. అగస్టస్ వార్సా వెళ్లిపోయాడు. యుద్ధం సాగుతుండగా బెల్లోత్తో కూడా పని వెతుక్కుంటూ వియన్నాకు, అక్కడి నుంచి మ్యూనిక్‌కు వెళ్లాడు. 1760 జూలైలో ప్రష్యా సైన్యం డ్రెస్డెన్‌ను చుట్టుముట్టి ఫిరంగులతో కొట్టింది. జూలై 19న సిలువ ఆలయం తగలబడింది.

అదే దాడిలో మరియ ఆలయం మీద కూడా గుండ్లు పడ్డాయి. దాని రాతి గుమ్మటం వాటిని తట్టుకుంది. అక్కడివారు దీన్ని తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు. ఒకే ఊళ్లో, ఒకే వారంలో, ఒక ఆలయం కాలింది, ఒకటి నిలిచింది. కాలిన ఆలయంలోని విశ్వాసులు పాపులనీ, నిలిచిన ఆలయంలోనివారు నీతిమంతులనీ ఎవరైనా చెప్పగలరా? సిలోయము గోపురం పడి పద్దెనిమిది మంది చనిపోయిన సంగతి లూకా సువార్తలో ఉంది. చనిపోయినవారు మిగతావారికంటే పాపులని అనుకోవద్దని మన ప్రభువు అక్కడ హెచ్చరించాడు. రాయి రాయి గుణాన్ని బట్టి, గుండు పడిన చోటును బట్టి నిలుస్తుంది, కూలుతుంది. మనుషుల మీద తీర్పు దాంట్లో వెతక్కూడదు.

బెల్లోత్తో 1761 చివరి రోజులకు తిరిగి వచ్చేసరికి అతని సొంత ఇల్లు లేదు. పిర్నా వైపు పేటలో ఉన్న ఆ ఇల్లు దాడిలో నాశనమైంది. అతడు ఆ పేట శిథిలాలను కూడా చిత్రించాడు. తన ఇల్లు కూలిన పేటకు వెళ్లి, నిలబడి, కొలతలు తీసి గీశాడు. 1763లో యుద్ధం ముగిసింది. ఆ ఏడాదే అగస్టస్ చనిపోయాడు. కొత్త పాలన వచ్చాక అతనికి ఆస్థాన చిత్రకారుడి పదవి దక్కలేదు. 1764లో కొత్తగా పెట్టిన చిత్రకళా పాఠశాలలో, అంతకు ముందుకంటే చాలా తక్కువ జీతానికి, విద్యార్థులకు పాఠాలు చెప్పే పని దొరికింది. సిలువ ఆలయం శిథిలాన్ని చిత్రించినప్పుడు అతని పరిస్థితి ఇది. ఇల్లు పోగొట్టుకున్నవాడు, హోదా పోగొట్టుకున్నవాడు, కూలిన దేవాలయం ముందు కూర్చుని ఒక్కో రాయినీ గీస్తున్నాడు.

నిలిచిన గోపురమే ఎందుకు కూలింది?

1760 మంటల్లో ఆలయం కాలిపోయినా పడమటి గోపురం చాలావరకు నిలిచే ఉంది. పట్టణవాసులకు ఆ గోపురం అంటే ప్రాణం. 1764లో కొత్త ఆలయానికి పునాది వేసినప్పుడు, పాత గోపురాన్ని అలాగే ఉంచి దానికి కలిపి కొత్త ఆలయం కట్టాలని అనుకున్నారు. మరియ ఆలయాన్ని కట్టిన గేయోర్గ్ బేర్ శిష్యుడు యోహన్ గేయోర్గ్ ష్మిత్ ఆ పని చేపట్టాడు.

1765 జూన్ 22న ఆ గోపురంలో పెద్ద భాగం కూలిపోయింది. మంటలు ఆరి అయిదేళ్లు గడిచాయి. యుద్ధం ముగిసి రెండేళ్లయింది. ఫిరంగి మోత లేదు, శత్రువు లేడు. బయటికి నిలబడినట్టు కనిపించిన గోడ లోపల ఎంత దెబ్బతిన్నదో ఆ రోజు తెలిసింది. బెల్లోత్తో చిత్రంలో మనం చూస్తున్నది ఆ తర్వాతి దృశ్యం. అందుకే చిత్రంలో గోపురం లోపలి భాగం అంత స్పష్టంగా కనిపిస్తుంది. ఇన్నాళ్లూ ఏం దాగి ఉందో చూడండి అని చెప్పినట్టు ఉంటుంది.

తర్వాత ఊళ్లో పెద్ద వాదన నడిచింది. ష్మిత్ పాత పద్ధతిలో, నగిషీలతో కట్టాలన్నాడు. కొత్త తరం శిల్పులు ఆ కాలపు కొత్త అభిరుచి ప్రకారం సాదాగా కట్టాలన్నారు. చివరికి క్రిస్టియన్ ఫ్రెడ్రిష్ ఎక్స్‌నర్ అనే శిల్పి చేతికి పని చాలావరకు వెళ్లింది. ఆలయ ప్రతిష్ఠ 1792లో జరిగింది. పూర్తిగా కట్టడం ముగిసింది 1800లో. కాలిన నాటికి పసిబిడ్డగా ఉన్నవాడు ప్రతిష్ఠ నాటికి ముప్పై దాటినవాడు. బెల్లోత్తో దాన్ని చూడలేదు. అతడు డ్రెస్డెన్ విడిచి వార్సా చేరి, పోలండ్ రాజు దగ్గర పనిచేస్తూ 1780లో అక్కడే కన్నుమూశాడు.

చిత్రం సాక్ష్యం చెబుతుందా?

చిత్రంలో ఉన్నదంతా నిజమేనని ఎలా నమ్మాలి అని మీలో కొందరికి సందేహం రావచ్చు. మంచి సందేహమే. పాత చిత్రాలన్నీ ఒక్క తీరున సాక్ష్యం చెప్పవు.

బెల్లోత్తోకు దాదాపు 270 సంవత్సరాల ముందు, 1493లో, జర్మనీలోనే నూరెంబర్గ్ పట్టణంలో హార్ట్‌మన్ షెడెల్ రాసిన ఒక పెద్ద ప్రపంచ చరిత్ర పుస్తకం అచ్చయింది. సృష్టి మొదలు తమ కాలం వరకు జరిగినదంతా అందులో చెప్పాలని ప్రయత్నించారు. దాని నిండా చెక్క అచ్చులతో వేసిన పట్టణాల బొమ్మలు ఉన్నాయి. సొంత ఊరు నూరెంబర్గ్‌ను గుర్తుపట్టేలా రెండు పేజీల మీద వేశారు. కానీ పేజీలు తిప్పుతూ పోతే ఒకే బొమ్మ కింద ఒకచోట దమస్కు అని, ఇంకోచోట మిలాన్ అని, మరోచోట మాంతువా అని పేరు కనిపిస్తుంది. అది మోసం కాదు. ఇక్కడ ఒక పట్టణం ఉంది అని చెప్పే గుర్తు మాత్రమే. పౌలు వెళ్లిన దమస్కు ఇలాగే ఉండేదని ఆ బొమ్మ పట్టుకుని ఎవరైనా ప్రసంగిస్తే పొరపాటవుతుంది.

బెల్లోత్తో చిత్రాలు వేరే రకం. అతడు కళ్లతో చూసి, పెట్టెతో కొలిచి గీశాడు. అయినా అతడు కూడా కొన్నిచోట్ల దృశ్యాన్ని కొంచెం వెడల్పు చేస్తాడు, అందం కోసం కొంచెం సర్దుతాడు. ఆ సంగతి మనసులో పెట్టుకునే చూడాలి. అయినా అతని పని ఎంత నమ్మదగినదో తర్వాతి చరిత్ర చూపించింది. రెండో ప్రపంచ యుద్ధంలో హిట్లర్ సైన్యం వార్సాను దాదాపు నేలమట్టం చేసింది. యుద్ధం ముగిశాక పోలండ్ ప్రజలు తమ పాత నగరాన్ని తిరిగి కట్టుకున్నప్పుడు, బెల్లోత్తో వేసిన వార్సా చిత్రాలను కూడా ముందు పెట్టుకుని కట్టారు. ఒక జర్మన్ పట్టణంలో పదవి పోగొట్టుకుని వెళ్లిన చిత్రకారుడి కుంచె, చనిపోయిన సుమారు 165 ఏళ్లకు, జర్మన్లు కూల్చిన నగరాన్ని లేపడానికి సాయపడింది.

చిత్రంలో లేని ఆలయం

ఇప్పుడు బెల్లోత్తో చిత్రించలేని ఒక కట్టడం గురించి కూడా చెప్పుకోవాలి. అది అతని కాలం నాటికి లేదు. 1840లో గాట్‌ఫ్రీడ్ జెంపర్ అనే గొప్ప శిల్పి డ్రెస్డెన్ యూదుల కోసం ఒక సమాజమందిరం కట్టాడు. ఎల్బె ఒడ్డున, పట్టణం అందాల్లో ఒకటిగా అది దాదాపు వందేళ్లు నిలిచింది. 1938 నవంబరు 9 రాత్రి దాన్ని తగలబెట్టారు. తగలబెట్టింది బయటి నుంచి వచ్చిన శత్రువు కాదు. ఆ దేశాన్ని ఏలుతున్న నాజీలు, ఆ ఊరివాళ్లే. ఆ రాత్రి జర్మనీ అంతటా సమాజమందిరాలు కాలాయి. పక్కనే ఉన్న క్రైస్తవ ఆలయాల గంటలు మరుసటి ఆదివారం ఎప్పటిలాగే మోగాయి.

ఆరేళ్లు దాటాక, 1945 ఫిబ్రవరి 13, 14 తేదీల్లో బ్రిటన్, అమెరికా విమానాలు డ్రెస్డెన్ మీద బాంబులు కురిపించాయి. 25,000 మంది వరకు చనిపోయారని చరిత్రకారుల సంఘం 2010లో తేల్చింది. సిలువ ఆలయం మళ్లీ కాలింది. 1760లో ఫిరంగులను తట్టుకున్న మరియ ఆలయం ఆ రెండు రోజులూ మంటల్లో నిలిచి, ఫిబ్రవరి 15 ఉదయం లోపలికి కుప్పకూలింది.

సిలువ ఆలయానికి శతాబ్దాల నుంచి బాలుర గానబృందం ఉంది. ఆ బాంబుదాడిలో ఆ బృందపు పిల్లలు పదకొండుమంది చనిపోయారు. వారి గాన నాయకుడు రుడాల్ఫ్ మౌవర్స్‌బెర్గర్ ఆ ఏడాది ఈస్టరుకు ముందు రోజు, యిర్మీయా విలాపవాక్యముల లోని మాటలతో ఒక గీతం కట్టాడు. 1945 ఆగస్టు 4న, కాలిపోయిన సిలువ ఆలయంలోనే, మిగిలిన పిల్లలు దాన్ని పాడారు.

విలాపవాక్యములు ఎందుకు ఎంచుకున్నాడో మనం ఆలోచించాలి. శత్రువు మమ్మల్ని కూల్చాడని ఏడ్చే పుస్తకం మాత్రమే కాదది. మేము ఏం చేశామని కూడా అది అడుగుతుంది. పట్టణం పాడైనందుకు కన్నీళ్లు, పట్టణం చేసిన పాపానికి ఒప్పుకోలు, రెండూ ఒకే గొంతులో ఉంటాయి. 1945 శిథిలాలను మాత్రమే చూపించి 1938 మంటలను దాచేవాడు సగం చిత్రమే చూపిస్తున్నాడు. 1938ని చూపించి 1945లో కాలిపోయిన పిల్లలను లెక్కలోకి తీసుకోనివాడు కూడా అంతే.

రాళ్లకు నంబర్లు

తూర్పు జర్మనీ ప్రభుత్వ కాలంలో మరియ ఆలయం రాళ్ల గుట్టగానే ఉండిపోయింది. గుట్ట మీదుగా రెండు గోడ ముక్కలు మాత్రం లేచి ఉండేవి. 1982 నుంచి ఫిబ్రవరి 13 రాత్రి యువకులు కొవ్వొత్తులు పట్టుకుని అక్కడ మౌనంగా నిలబడేవారు. 1990లో డ్రెస్డెన్‌వాసులు కొందరు ఈ ఆలయాన్ని తిరిగి కట్టడానికి సాయం చేయమని లోకానికి పిలుపునిచ్చారు.

కట్టడానికి ముందు వారు చేసిన పని మనకు పాఠం. రాళ్ల గుట్టను లారీలతో ఎత్తి పారబోయలేదు. ఒక్కో రాయినీ తీసి, కొలిచి, నంబరు వేసి, అది గోడలో ఎక్కడ ఉండేదో వెతికారు. ఆ గుట్టలోనే గుమ్మటం మీది పాత సిలువ, వంగిపోయి, నల్లబడి దొరికింది. 1994లో కట్టడం మొదలైంది. వేలాది పాత రాళ్లను మళ్లీ గోడల్లో వాడారు. 2005 అక్టోబరు 30న ఆలయాన్ని ప్రతిష్ఠించారు. ఇప్పుడు దాన్ని చూస్తే లేత రంగు గోడల్లో అక్కడక్కడా నల్ల రాళ్లు కనిపిస్తాయి. నల్లవి పాతవి, లేతవి కొత్తవి. అతుకు దాచలేదు. గుమ్మటం మీది కొత్త సిలువను లండన్‌లో చేయించారు. దాన్ని తయారుచేసిన పనివాడి తండ్రి 1945లో డ్రెస్డెన్ మీద బాంబులు వేసిన విమాన చోదకుల్లో ఒకడు. వంగిన పాత సిలువ ఆలయం లోపల ఉంది.

2001 నవంబరు 9న, కాలిపోయిన అదే తేదీన, యూదుల కొత్త సమాజమందిరం కూడా తెరుచుకుంది. సిలువ ఆలయం అంతకు చాలా ముందే, 1955లో, మళ్లీ ఆరాధనకు తెరుచుకుంది. దాని లోపలి గోడలకు పాత నగిషీలు తిరిగి పెట్టలేదు. గరుకు పూతతోనే ఉంచేశారు. ఇప్పటికీ అలాగే ఉంది.

నెహెమ్యా రాత్రి ప్రయాణం

ప్రియులారా, బెల్లోత్తో చిత్రం చూస్తుంటే మనకు నెహెమ్యా గుర్తుకు రావాలి. అతడు యెరూషలేము చేరిన వెంటనే కట్టుదాం రండి అని కేక వేయలేదు. మూడు రోజులు ఉన్నాడు. తర్వాత రాత్రివేళ, కొద్దిమందితో, ఎవరికీ చెప్పకుండా బయలుదేరి, పడిపోయిన గోడల వెంట, కాలిపోయిన గుమ్మాల వెంట తిరిగి చూశాడు. ఒకచోట అతడు ఎక్కిన జంతువు వెళ్లడానికి కూడా దారి లేనంత శిథిలం ఉంది. అదంతా కళ్లారా చూశాకే అతడు ప్రజలతో మాట్లాడాడు. చూడటం అతని సేవలో మొదటి భాగం.

చూడకుండా కట్టేవారి గురించి యెహెజ్కేలు ప్రవక్త చెప్పాడు. బలంలేని గోడకు పైపైన గచ్చుపూత పూసేవారని వారిని గద్దించాడు. వాన కురిస్తే ఆ పూతతో పాటు గోడ కూడా పోతుంది. 1765 జూన్‌లో డ్రెస్డెన్‌లో జరిగింది దాదాపు అదే. అక్కడివారు చెడ్డవారు కాదు. పాత గోపురం మీద ప్రేమతోనే దాన్ని ఉంచాలనుకున్నారు. కానీ లోపలి దెబ్బ ఎంతో ముందుగా తెలియలేదు.

మన పల్లెల్లో ఎన్నో సంఘాలు ఈ రోజుల్లో పాత మందిరాన్ని విప్పి కొత్తది కట్టాలా, పాతదాన్నే బాగుచేసుకోవాలా అని ఆలోచిస్తున్నాయి. మన తాతలు మట్టి మోసి, పిడికెడు బియ్యం పోగుచేసి కట్టిన గోడలవి. పెద్దలకు ఆ గోడల మీద మమకారం, యువకులకు కొత్త శ్లాబు మీద ఆశ. దేవాలయపు పునాది మళ్లీ వేసినప్పుడు పాతదాన్ని చూసిన ముసలివారు ఏడ్చారని, మిగతావారు సంతోషంతో కేకలు వేశారని, ఏది ఏడుపో ఏది సంతోషమో తెలియలేదని ఎజ్రా గ్రంథంలో ఉంది. ఎజ్రా ఎవరినీ తప్పుపట్టలేదు. డ్రెస్డెన్‌లో ష్మిత్‌కూ కొత్త శిల్పులకూ నడిచిన వాదన కూడా ఇలాంటిదే. కాబట్టి మన మధ్య అలాంటి వాదన వస్తే కంగారు పడవద్దు. కానీ ఏది ఉంచాలన్నా, ఏది విప్పాలన్నా, ముందు గోడ లోపల ఏముందో నిజంగా చూద్దాం. మేస్త్రిని పిలిచి చూపిద్దాం. విప్పాల్సి వస్తే పాత గుమ్మాన్ని, పునాదిరాయిని, కట్టిన సంవత్సరం చెక్కిన పలకను పారేయకుండా కొత్త గోడలో కలుపుదాం. విప్పకముందు నలువైపులా ఫోటోలు తీసి, ఏ గోడ ఎవరి కష్టంతో లేచిందో పెద్దలను అడిగి రాసి ఉంచుదాం. రేపటి పిల్లలకు ఆ కాగితమే మన బెల్లోత్తో.

గోడల కంటే లోతైన సంగతి సంఘం. ఎప్పుడో జరిగిన గొడవ ఆరిపోయిందనుకుంటాం. మంట లేదు, మాటలు లేవు, అందరూ వస్తున్నారు, పండుగలు జరుగుతున్నాయి. లోపల మాత్రం అన్నదమ్ముల మధ్య మాటలు లేని కమానులు ఉంటాయి. అయిదేళ్ల తర్వాత, ఏ శత్రువూ లేని రోజున, కూలుతుంది. అప్పుడు ఎవరి మీదో నింద వేయకుండా, ఆ శిథిలం ముందు నిలబడి లోపల ఏముందో చూడగలిగిన సంఘమే మళ్లీ కట్టుకోగలదు. మనకు జరిగిన అన్యాయాన్ని లెక్కపెట్టినంత ఖచ్చితంగా మనం చేసిన అన్యాయాన్ని కూడా లెక్కపెట్టగలగాలి.

బెల్లోత్తో తన చిత్రంలో శిథిలాన్ని ఒంటరిగా వదలలేదని మొదట చెప్పుకున్నాం. కూలిన గోపురం మీద పనివాళ్లు ఉన్నారు, పక్కనే కొత్త పని ఉంది. మీ ఇంట్లో గాని, మీ సంఘంలో గాని, మీ మనసులో గాని అలాంటి చోటు ఉంటే, ఈ వారం దేవుని సన్నిధిలో దాన్ని తప్పించుకోకుండా చూడండి. ఒక్కరే చూడటం కష్టమైతే నెహెమ్యాలాగా నమ్మకమైన ఇద్దరు ముగ్గురిని తోడు తీసుకోండి. మందిరం అవసరమైతే మా దగ్గరికి రండి, కలిసి ప్రార్థన చేద్దాం.

కూలినవాటిని చూసే ధైర్యం, వాటి మధ్య పని చేసే ఓపిక ప్రభువు మనకందరికీ దయచేయునుగాక. ఆమేన్.